గొల్లభామ దొరికిందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గొల్లభామ గురించే. కొందరు ఫొటోలు కూడా పంపారు. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపి జవాబులు రాస్తున్నాను. నేను ఈ పురుగుల్ని చాలా ఏళ్ళుగా గమనిస్తున్నాను, కొన్నింటిని పెంచాను, ఒకదాన్ని నా పొరపాటు వల్లే పోగొట్టుకున్నాను. ఆ సంగతి కూడా కింద చెప్తాను, మీరు అదే పొరపాటు చేయకుండా ఉండాలని.

ప్రశ్న: కుండీలో మొక్క మీద వేలంత పొడవున్న పచ్చటి పురుగు కనిపించింది. ముందుకాళ్ళు రెండూ దగ్గరపెట్టి దండం పెడుతున్నట్టు ఉంది. నేను పక్కకి జరిగితే తల తిప్పి నన్నే చూస్తోంది. ఇంట్లో ఒకరు మిడత అంటారు, ఒకరు గొల్లభామ అంటారు. ఇంతకీ ఏది? విషం ఉంటుందా? చిన్నపిల్లలున్న ఇల్లు మాది.

జవాబు: తల తిప్పి చూస్తోంది అన్నారు చూడండి, ఆ ఒక్క మాట చాలు, అది గొల్లభామే. భుజం మీదుగా వెనక్కి చూసేంతగా తల తిప్పే పురుగులు చాలా అరుదు. మిడతని కూడా గొల్లభామ అనేవాళ్ళు చాలామంది ఉన్నారు, అందుకే ఇళ్ళల్లో ఈ వాదన వస్తుంటుంది. తేడా కాళ్ళలో చూడండి. మిడత బలమంతా వెనక కాళ్ళలో ఉంటుంది, తొడలు లావుగా ఉంటాయి, ఎగిరి గెంతడానికి. గొల్లభామ బలం ముందుకాళ్ళలో ఉంటుంది, పట్టుకోవడానికి. ఆ ముందుకాలిని దగ్గర్నుంచి చూస్తే మడత చాకులా ఉంటుంది, ఒక భాగం ఇంకో భాగంలోకి ముడుచుకుంటుంది, రెండింటి లోపలి అంచునా ముళ్ళు వరసగా ఉంటాయి. మనకి దండంలా కనిపించేది నిజానికి వేటకి కాచుకుని ఉన్న భంగిమ. మిడత ఆకులు మేస్తుంది, గొల్లభామ ఆకు ముట్టదు, ప్రాణంతో కదిలేదాన్నే తింటుంది. చుట్టరికం చూసినా ఇది మిడత కంటే బొద్దింకకీ చెదపురుగుకీ దగ్గర.

ఎండుపుల్లలా ఉండే పురుగుని చూసి కూడా కొందరు గొల్లభామ అనుకుంటారు, దానికి ఈ ముళ్ళ ముందుకాళ్ళు ఉండవు. ఇంకొకటి కూడా ఉంది, ముందు సగం అచ్చం గొల్లభామ, వెనక సగం గాజులాంటి రెక్కలున్న ఈగ. చిన్నగా ఉంటుంది, రాత్రి దీపం దగ్గరికి వస్తుంది. అది వేరే కుటుంబం, దానికి ఇక్కడ రాసే పోషణ పనికిరాదు.

విషం లేదు, కుట్టే ముల్లూ లేదు. గట్టిగా పట్టుకుంటే మాత్రం ముందుకాళ్ళతో గిచ్చుతుంది, పెద్దదైతే చిన్న రక్తపు చుక్క రావచ్చు, సబ్బుతో కడుక్కుంటే సరిపోతుంది. పిల్లలకి ఒకటే చెప్పండి, పైనుంచి చెయ్యి పెట్టి పట్టుకోవద్దని. పైనుంచి వచ్చేదేదైనా దానికి పక్షి లెక్కే. అరచేతిని దాని ముందు పెట్టి, వెనక నుంచి ఒక మెత్తటి ఆకుతో కొంచెం తాకితే తనంతట తనే నడిచి చేతి మీదకి ఎక్కుతుంది.

కంట్లో నల్ల చుక్క మీవైపే తిరుగుతున్నట్టు ఉందని కూడా రాశారు. ఆ కన్ను వేల చిన్న చిన్న గొట్టాల్లాంటి కళ్ళ కూర్పు. వాటిలో సరిగ్గా మీవైపు తిరిగి ఉన్నవి వెలుతురుని లోపలికి పీల్చేసుకుంటాయి, అందుకని ఆ చోటు నల్లగా కనిపిస్తుంది. మీరు జరిగితే మీకు ఎదురుగా వచ్చే గొట్టాలు మారతాయి, చుక్క కూడా జరిగినట్టు ఉంటుంది. అది కనుపాప కాదు.

ప్రశ్న: ఒకే పొద మీద ఒకటి పచ్చది, ఒకటి గోధుమరంగుది దొరికాయి. రెండూ వేర్వేరు జాతులా? ఆడా మగా ఎలా తెలుసుకోవాలి?

జవాబు: రంగుని బట్టి జాతి చెప్పడం కుదరదు. ఒకే జాతిలో పచ్చవీ ఉంటాయి, గోధుమరంగువీ ఉంటాయి, కొన్ని కుబుసం విడిచినప్పుడు రంగు మారతాయి కూడా. ప్రపంచంలో రెండువేల నాలుగు వందలకు పైగా గొల్లభామ జాతులున్నాయి, ఒక్క ఫొటో చూసి ఫలానాదని చెప్పేవాళ్ళని నేను పెద్దగా నమ్మను. నిజంగా తెలుసుకోవాలంటే నాలుగు ఫొటోలు కావాలి: పైనుంచి, పక్కనుంచి, ముఖం, ముందుకాలి లోపలి వైపు. ఈ చివరిది ఎవరూ తీయరు, కానీ అసలు గుర్తులు అక్కడే దొరుకుతాయి. యూరప్, ఆఫ్రికా, ఆసియా ఖండాల్లో కనిపించే మాంటిస్ రెలిజియోసా అనే జాతికి ముందుకాలి మొదట్లో, మన చంక లాంటి చోట, నల్లటి గుండ్రటి మచ్చ, చాలాసార్లు దాని మధ్యలో తెల్ల చుక్క ఉంటాయి. హైరోడ్యులా అనే ఆసియా గొల్లభామలు బలిష్ఠంగా ఉంటాయి, వాటి పైరెక్క మీద ఒక్కో వైపు ఒక్కో తెల్లటి చుక్క కనిపిస్తుంది. టెనోడెరా అనే సన్నటి పొడుగు రకంలో, ముందుకాళ్ళ మధ్య రొమ్ము మీద ఉన్న మచ్చ లేత పసుపైతే ఒక జాతి, నారింజరంగైతే ఇంకో జాతి. ఎక్కడ దొరికిందన్నది కూడా రాసిపెట్టుకోండి, అది లేకపోతే తెలిసినవాళ్ళు కూడా ఊహించాల్సిందే.

ఆడా మగా చెప్పడం దీనికంటే సులువు. పొట్ట కింది వైపు వలయాలు లెక్కపెట్టండి, ఆడదానికి ఆరు, మగదానికి ఎనిమిది కనిపిస్తాయి. ఆడదాని చివరి వలయం పెద్దగా ఉంటుంది. మగది సన్నం, మీసాలు పొడవు, ఎదిగాక రెక్కలు పొట్ట చివర దాటి ఉంటాయి, బాగా ఎగురుతుంది. మరీ చిన్న పిల్లల్లో వలయాలు లెక్కపెట్టాలంటే కళ్ళు నొప్పి పుడతాయి, కొంచెం ఎదిగేదాకా ఆగండి. రెక్కలు అసలు లేకపోయినా, భుజాల మీద చిన్న మొగ్గల్లా ఉన్నా అది ఇంకా పిల్లే. కొన్ని జాతుల్లో పెద్దయ్యాక కూడా ఆడవాటికి రెక్కలు పొట్టిగానే ఉంటాయి, అది మాత్రం గుర్తుంచుకోండి.

ప్రశ్న: వారం క్రితం దొరికిన చిన్న గొల్లభామని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పెంచుతున్నాను. రెండు రోజులుగా ఏమీ తినట్లేదు. తలకిందులుగా వేలాడుతూ కదలకుండా ఉంది. కీచురాయిని వదిలితే దాన్ని చూసి పక్కకి తప్పుకుంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది. చచ్చిపోతుందా?

జవాబు: మీ ఉత్తరం చదవగానే నేను ముందు చూసింది ఆ కీచురాయి ఇంకా డబ్బాలోనే ఉందా అని. ఉంటే ముందు దాన్ని తీసేయండి, మిగతాది తర్వాత చదవచ్చు.

మీది జబ్బు కాకపోవచ్చు, కుబుసం విడవడానికి సిద్ధమవుతోంది. గొల్లభామ ఒళ్ళు పైన గట్టి పెంకు, అది సాగదు, కాబట్టి లోపల ఎదిగినకొద్దీ పాతదాన్ని విడిచి కొత్తది తొడుక్కోవాలి. పుట్టిన దగ్గర్నుంచి పెద్దయ్యేలోపు జాతిని బట్టి ఐదు నుంచి పదిసార్లు ఇలా జరుగుతుంది. దానికి ముందు తిండి మానేస్తుంది, ఆహారాన్ని చూస్తే భయపడుతుంది, పైకప్పుని పట్టుకుని వేలాడుతుంది. చివరి కుబుసానికి ముందైతే భుజాల మీది రెక్కల మొగ్గలు ఉబ్బుతాయి. ఈ సమయంలో తినమని బలవంతం చేయకూడదు. కుబుసం విడిచేటప్పుడు ఒళ్ళంతా మెత్తగా ఉంటుంది, పక్కన ఉన్న కీచురాయి దాన్ని కొరికి తినేయగలదు.

ఒకసారి పక్కనే కూర్చుని మొత్తం చూశాను. మొదట ఒళ్ళు చిన్నగా వణికినట్టయింది, తర్వాత తల వెనక, వీపు మీద పెంకు గీత గీసినట్టు చిట్లింది. ఆ చీలికలోంచి లేతరంగు వీపు బయటికొచ్చింది, ఆ తర్వాత తల, ఆ తర్వాత ఒక్కొక్క కాలూ మేజోడు విప్పినట్టు. పాత చర్మం కాళ్ళు మాత్రం పైన నెట్‌ని పట్టుకునే ఉన్నాయి, కొత్త ఒళ్ళు దానికి వేలాడుతూ జారి, పొట్ట చివర మాత్రమే లోపల ఉండగా అలాగే ఆగిపోయింది, కాళ్ళు గట్టిపడేదాకా. చివరికి పైకి వంగి తన పాత చర్మాన్నే పట్టుకుని ఎక్కింది. మొత్తం అరగంట పట్టి ఉంటుంది. ఈ అరగంటలో ఊతం జారితే పని అయిపోయినట్టే, మెత్తటి కాళ్ళు వంకరగా గట్టిపడిపోతాయి.

నేను పోగొట్టుకున్నది సరిగ్గా ఇలాగే. నున్నటి ప్లాస్టిక్ మూతకి నాలుగు చిల్లులు పొడిచి, గాలి ఆడుతోంది కదా చాలనుకున్నాను. గోళ్ళకి పట్టు దొరకలేదు, సగంలో కింద పడింది, ముందుకాళ్ళు రెండూ వంగిపోయాయి, వేటాడలేక చనిపోయింది. అప్పట్నుంచి మూతకి నెట్ గుడ్డ లేకుండా ఏ గొల్లభామనీ లోపల పెట్టలేదు. మీ డబ్బా మూత నున్నగా ఉంటే ఇప్పుడు కదపకండి, అది వేలాడుతూ ఉంటే మూత తీయడమే ప్రమాదం. ఈసారి అది దేన్ని పట్టుకుని ఉందో దానితోనే గడవనివ్వండి, కుబుసం అయ్యాక మార్చండి. నున్నటి మూతనే అంటిపెట్టుకుని ఉండి, కాళ్ళు ఇంకా జారుతూ సర్దుకుంటూ ఉంటే మాత్రం, కదలిక పూర్తిగా ఆగకముందే, పక్కనే ఒక గరుకు పుల్లని ఏటవాలుగా నిలబెట్టొచ్చు.

డబ్బా ఎత్తు పురుగు పొడవుకి కనీసం మూడు రెట్లు, వెడల్పు రెండు రెట్లు ఉండాలి, ఎందుకంటే వేలాడినప్పుడు దాని కింద తన ఒంటి పొడవుకి మించి ఖాళీ కావాలి. మధ్యలో అడ్డం వచ్చే కొమ్మలు పెట్టకండి. గోడల మీద కొంచెం నీళ్ళు చల్లండి, గాలి మరీ పొడిగా ఉంటే పాత చర్మం అతుక్కుపోతుంది. సగం ఊడిన చర్మాన్ని జాలిపడి చేత్తో లాగితే కాలు కూడా వచ్చేస్తుంది, ఆ పని చేయవద్దని గట్టిగా చెప్తున్నాను. బయటికి వచ్చాక ఒక రోజు ముట్టుకోవద్దు, తిండీ పెట్టవద్దు, చివరి కుబుసమైతే రెండు మూడు రోజులు ఆగండి.

వారం పది రోజులు దాటినా కుబుసం విడవక, పొట్ట చదునుగా అయిపోయి, నేల మీద పడి ఉంటే అప్పుడు వేరే సంగతి. పుల్ల చివర ఒక నీటి చుక్క నోటికి తగిలించండి, తాగితే తర్వాత నీళ్ళు కలిపిన తేనె ఒక చుక్క ఇవ్వచ్చు.

ప్రశ్న: మేడం, నేను ఎనిమిదో తరగతి. నాకు పెద్ద గొల్లభామ దొరికింది. ఏం పెట్టాలి, రోజుకి ఎన్నిసార్లు పెట్టాలి? చచ్చిన ఈగని వేస్తే తినలేదు. ఇంకో గొల్లభామ దొరికితే దీనికి తోడు పెట్టొచ్చా?

జవాబు: నాన్నా, తోడు సంగతి ముందు చెప్తాను. పెట్టకూడదు. గొల్లభామకి ఇంకో గొల్లభామ కూడా తిండే. ఒక డబ్బాకి ఒకటే.

చచ్చిన ఈగని తినకపోవడానికి కారణం అది కదలకపోవడం. దీని కళ్ళు కదలికని పట్టుకోవడానికే ఉన్నాయి. న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్తలు గొల్లభామ కళ్ళకి తేనెమైనంతో చిన్న చిన్న కళ్ళజోళ్ళు అతికించి, సినిమాలో త్రీడీ చూపించినట్టు బొమ్మలు చూపించారు. గాల్లో దగ్గరగా ఉన్నట్టు కనిపించిన బొమ్మ మీదకి అవి నిజంగానే కాళ్ళు విసిరాయి. అంటే ఎంత దూరంలో ఉందో రెండు కళ్ళతో కొలుచుకుంటాయన్నమాట.

ప్రాణంతో ఉన్న ఈగలు, దీపం దగ్గరికి వచ్చే రెక్కల పురుగులు, చిన్న కీచురాళ్ళు పెట్టు. సైజు దాని ఒంటి పొడవులో సగం దాటకూడదు. పెద్దదానికి రెండు మూడు రోజులకి ఒకసారి చాలు. గడియారం చూడకు, పొట్ట చూడు: చదునుగా ఉంటే ఆకలి, బాగా ఉబ్బి ఉంటే ఆపేయి. మరీ లావెక్కిన పొట్టతో పైనుంచి పడితే పొట్ట పగిలిపోవచ్చు. చీమలు వద్దు, గుంపుగా వచ్చి దాన్నే కొరుకుతాయి. వెంట్రుకలున్న గొంగళిపురుగులు వద్దు. అన్నిటికంటే ముఖ్యం, మందు కొట్టిన మొక్కల దగ్గర, మందు చల్లిన గదిలో దొరికిన పురుగుల్ని వేయకు, ఆ మందు దీని ఒంట్లోకి వెళ్తుంది. తినకుండా వదిలేసినదాన్ని సాయంత్రానికి తీసేయి.

నీళ్ళకి గిన్నె అక్కర్లేదు. రోజు విడిచి రోజు గోడల మీద, ఒక ఆకు మీద సన్నగా చల్లు, అది చుక్కల్ని తాగుతుంది, తాగాక ముందుకాళ్ళని నోటితో శుభ్రం చేసుకుంటుంది, చూడటానికి బాగుంటుంది. డబ్బాని ఎండలో మాత్రం పెట్టకు. మూసిన డబ్బా ఎండలో కొద్ది నిమిషాల్లోనే కాలిపోయేంత వేడెక్కుతుంది. ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిది డిగ్రీల మధ్య గది చాలావాటికి హాయిగా ఉంటుంది.

నిజం చెప్పాలంటే, నీది పెద్దదే కాబట్టి నాలుగైదు రోజులు చూసి, బొమ్మ గీసుకుని, దొరికిన మొక్క మీదే వదిలేస్తే నాకు ఇంకా సంతోషం. పెద్దయ్యాక దానికి ఉండే ఆయుష్షు కొన్ని నెలలే, అందులోనే జత కలిసి గుడ్లు పెట్టాలి.

ప్రశ్న: పగలు లేత పచ్చగా ఉన్న కళ్ళు రాత్రి నల్లగా అయిపోయాయి. గుడ్డిదైందా?

జవాబు: లేదు. చీకట్లో ఎక్కువ వెలుతురు పట్టుకోవడానికి కంటిలోపలి రంగు కణాలు చోటు మారతాయి, పొద్దున్నకి మళ్ళీ మామూలవుతుంది. పగలు కూడా పోకుండా ఒకే చోట గోధుమ మచ్చ ఉంటే అది గాజు గోడకి కన్ను రుద్దుకోవడం వల్ల కావచ్చు. గాజు బదులు నెట్ గోడలున్న దానిలోకి మార్చండి.

ప్రశ్న: బయట దొరికిన గొల్లభామ పొట్ట బాగా ఉబ్బి ఉంటే గుడ్లనుకున్నాను. తడి గుడ్డ మీద పెట్టగానే పొట్ట చివర నుంచి నల్లటి పొడుగు దారం లాంటిది మెలికలు తిరుగుతూ వచ్చింది. ఇంకా ఒళ్ళు జలదరిస్తోంది. మాకేమైనా అంటుకుంటుందా?

జవాబు: అంటుకోదు, దాని గురించి భయపడకండి. దాన్ని వెంట్రుక పురుగు అనుకోండి, ఒక పరాన్నజీవి, మనుషుల్లో బతకలేదు. దాని పిల్లలు నీటిలో పుట్టి, నీటిలో పెరిగే చిన్న పురుగుల్లోకి చేరతాయి, అవి రెక్కలొచ్చి బయటికి ఎగిరాక గొల్లభామ వాటిని తింటుంది, అలా దీని పొట్టలోకి వస్తుంది. లోపల నెలల తరబడి పెరిగి, బయటపడే సమయానికి గొల్లభామ నీళ్ళ వైపు నడిచేలా చేస్తుంది. తడి తగలగానే బయటికి వస్తుంది, మీరు చూసింది అదే.

బాధగా ఉన్నా చెప్పాలి, వెంట్రుక పురుగు వచ్చేసిన గొల్లభామ చాలాసార్లు ఎక్కువకాలం బతకదు. నీడలో పెట్టండి, నీటి చుక్కలు ఇవ్వండి, ఒక మెత్తటి చిన్న పురుగుని నోటి దగ్గర పట్టుకోండి. తింటే మంచిదే. మీరు చేసిన తప్పేమీ లేదు, అది మీకు దొరకకముందే లోపల ఉంది.

ప్రశ్న: బయట పెద్దదిగా దొరికి, నెల రోజులుగా నా దగ్గర ఒంటరిగా ఉన్న ఆడ గొల్లభామ పుల్లకి నురగ లాంటిది పూసింది, ఇప్పుడు గట్టిపడి గోధుమరంగు స్పాంజిలా ఉంది. మగది లేదు కదా, పిల్లలు వస్తాయా? మగదాన్ని పెడితే తినేస్తుందంటారు, నిజమేనా?

జవాబు: అది గుడ్ల తిత్తి. లోపల జాతిని బట్టి పదుల నుంచి మూడు వందల దాకా గుడ్లు ఉంటాయి. మగదాని తోడు లేకపోయినా ఆడది తిత్తి పెడుతుంది, చాలా జాతుల్లో అవి పొదగవు. కానీ మీది బయటి నుంచి వచ్చింది, పెద్దదై వచ్చింది, మీ దగ్గరికి రాకముందే జత కలిసి ఉండొచ్చు. కాబట్టి పారేయకండి.

మగదాన్ని తినడం నిజమే, కానీ ప్రతిసారీ జరగదు. ఆకలితో ఉన్న ఆడదానితోనే ఎక్కువ. ఇరుకు డబ్బాలో మగదానికి పారిపోయే దారి ఉండదు, అందుకే పెంపకంలో ఎక్కువగా చూస్తాం.

ఆ తిత్తిని ఇంట్లో వెచ్చగా ఉంచితే ఒక రోజు పొద్దున్నే దోమంత పిల్లలు వంద, రెండు వందలు ఒకేసారి దారాల్లాంటి వాటికి వేలాడుతూ దిగుతాయి, ఆకలేస్తే ఒకదాన్నొకటి తింటాయి, అంతమందికి మీరు పండు ఈగలు తేలేరు. ఆ పుల్లని తిత్తితో సహా, గొల్లభామ దొరికిన చోటే, ఎండా వానా సూటిగా పడని కొమ్మకి కట్టేయండి. ఏ వైపు పైకి ఉందో అదే వైపు పైకి ఉండాలి. చీమల బారు లేని కొమ్మ చూసుకోండి.